లేబుల్ మీద పేరు చూసి నమ్మకు, బుజ్జీ

పర్లాకిమిడి

చి. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మోకాళ్ల నొప్పులు మామూలే.

ఈఆర్‌సీసీ1 అనే ప్రొటీన్‌ని వెతికి పట్టుకునే యాంటీబాడీ వచ్చిందనీ, వయల్‌లో (చిన్న సీసాలో) ఉన్నది వంద మైక్రోలీటర్లేననీ, ముట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉందనీ మెసేజ్ పెట్టావు. ఫోన్‌లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. బరంపురంలో నేను ముప్పై ఏళ్లు ల్యాబ్ బెంచీ దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు నువ్వూ అదే ఊళ్లో అదే పని మొదలుపెట్టావు, కాబట్టి నా పొరపాట్లు నీకు పనికొస్తాయి.

ముందు వయల్ సంగతి. తెరిచే ముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒక్క తిప్పు తిప్పు, మూతకి అంటుకున్నదంతా కిందికి దిగుతుంది. తర్వాత, మళ్లీ మళ్లీ గడ్డకట్టి కరగకుండా, పది పది మైక్రోలీటర్లుగా చిన్న ట్యూబుల్లో పంచుకో. ప్రతి ట్యూబు మీదా తేదీతో పాటు లాట్ నంబర్ (ఏ విడతలో తయారైందో చెప్పేది) కూడా రాయి. లాట్ నంబర్ ఎందుకంత ముఖ్యమో కింద చెబుతాను. సగం గ్లిసరాల్ కలిపిన యాంటీబాడీ అయితే మైనస్ ఇరవైలో గడ్డకట్టదు, పంచకపోయినా ఫరవాలేదు. మంచు తనంతట తనే కరిగించుకునే ఫ్రీజర్ జోలికి మాత్రం వెళ్లకు. అది రోజూ కాస్త వేడెక్కి మళ్లీ చల్లబడుతుంది, యాంటీబాడీకి అదే చేటు. ఇంకోసారి ఆర్డర్ పెట్టేటప్పుడు వారం చివర్లో పంపొద్దని చెప్పించు. మన వేసవిలో ఆదివారమంతా కొరియర్ గోడౌన్‌లో పడి ఉంటే ఐస్ ప్యాక్ నీళ్లవుతుంది.

అలాగని మరీ భయపడకు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. నీకప్పుడు బడి వయసు. ఊరంతా చీకటి, మా జనరేటర్‌కి డీజిల్ లేదు, ఫ్రీజర్ కింద నీళ్ల మడుగు. అన్నీ పారెయ్యమన్నారు. నేను పారెయ్యలేదు. కరెంటు వచ్చాక ఒక్కొక్కటీ తెలిసిన శాంపిల్ మీద పరీక్షించి చూశాను. చాలావాటికి ఏమీ కాలేదు. ఒకటి మాత్రం ఎంత పోసినా ఖాళీ మెంబ్రేనే (ప్రొటీన్లను అతికించే పొర) చూపించింది, ఒక్క గీతా రాలేదు. పాడైందో లేదో ఊహతో తేల్చకు, పరీక్షించు.

ఇక అసలు విషయం. వయల్ మీద ఈఆర్‌సీసీ1 అని రాసి ఉందంటే, అది ఈఆర్‌సీసీ1నే పట్టుకుంటుందని కాదు. ఇది చెప్పడానికి నీ ప్రొటీన్‌ని మించిన ఉదాహరణ లేదు. మనిషి డీఎన్‌ఏ రిపేర్ జన్యువుల్లో మొట్టమొదట క్లోన్ చేసింది (విడదీసి కాపీలు తీసింది) దీని జన్యువునే, 1984లో. ఎక్స్‌పీఎఫ్ అనే తోడుతో కలిసి, ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాడుచేసిన డీఎన్‌ఏ ముక్కను కత్తిరించడానికి పనికొస్తుంది. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు డీఎన్‌ఏకి చేసిన గాయాన్ని కూడా ఈ జంటే బాగుచేస్తుంది. అందుకే క్యాన్సర్ డాక్టర్లకు దీని మీద కన్ను పడింది. ట్యూమర్‌లో ఈఆర్‌సీసీ1 లేకపోతే సిస్‌ప్లాటిన్ బాగా పనిచేస్తుందని 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద పెద్ద పేపర్ వచ్చింది. వాళ్లు వాడిన యాంటీబాడీ క్లోన్ (ఒకే కణం సంతతి తయారుచేసే యాంటీబాడీ) పేరు 8ఎఫ్1. మా ల్యాబ్‌లో కూడా ఆ పేరు మంత్రంలా జపించేవాళ్లం.

2013లో అదే జర్నల్‌లో ఇంకో పేపర్ వచ్చింది. ఆ పాత శాంపిళ్లకే మళ్లీ రంగు వేసి చూస్తే పాత ఫలితం రాలేదు. అప్పుడు బజారులో దొరికే 16 యాంటీబాడీలు తెచ్చి పరీక్షించారు. ఈ ప్రొటీన్‌కి నాలుగు రూపాలున్నాయి, వాటిలో రిపేర్ పని పూర్తిగా చేసేది ఒక్కటే. ఆ ఒక్కదాన్ని విడిగా గుర్తుపట్టే యాంటీబాడీ ఆ పదహారులో ఒక్కటీ లేదు. కాలంతో పాటు 8ఎఫ్1 బ్యాచ్ మారి ఉండొచ్చన్న అనుమానమూ వచ్చింది. లాట్ నంబర్ రాయమన్నది అందుకే. అంతటితో ఆగలేదు. కణం పొరలకు కావలసిన కొవ్వు తయారీలో పనిచేసే సీసీటీ ఆల్ఫా అనే ప్రొటీన్‌ని కూడా 8ఎఫ్1 పట్టుకుంటోందని తర్వాత తేలింది. రెండూ న్యూక్లియస్‌లో ఉండేవే, బరువులోనూ మరీ దూరం కాదు. ఒకే ఇంటిపేరున్న రెండిళ్లు ఒకే వీధిలో ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు చెప్పు?

మరి నువ్వేం చెయ్యాలి? మీ తాతయ్య బరంపురంలో పట్టు చీరల కొట్టు నడిపేవారు కదా. అనుమానం వస్తే అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చేవారు. ఆ ఒక్క పోగుతో సరిపెట్టుకునేవారు కాదు. పక్కనే తనకు తెలిసిన అసలు పట్టు పోగొకటి, నూలు పోగొకటి కాల్చి, మూడింటినీ వాసన చూశాకే మాట చెప్పేవారు. ప్రొటీన్లను బరువును బట్టి విడదీసే నీ జెల్‌లో కూడా ఆ మూడూ ఉండాలి. నీ శాంపిల్ ఒకటి. ప్రొటీన్ ఖచ్చితంగా ఉన్న హీలా (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) లాంటి కణాలొకటి. ఆ జన్యువును తీసేసిన నాకౌట్ కణాలొకటి. మూడో గడిలో కూడా బ్యాండ్ (యాంటీబాడీ పట్టుకున్న చోట కనిపించే గీత) వచ్చిందా, ఆ యాంటీబాడీని పక్కన పెట్టు. నాకౌట్ కణాలు మీ దగ్గర లేకపోతే పక్క ల్యాబ్‌ని అడుగు, సిగ్గుపడకు. అదీ కుదరకపోతే, జన్యువు పనిని అణిచే ఎస్ఐఆర్‌ఎన్‌ఏతో ప్రొటీన్‌ని తగ్గించి చూడు, బ్యాండ్ కూడా తగ్గాలి. ఎక్స్‌పీఎఫ్ లేని కణాల్లో ఈఆర్‌సీసీ1 కూడా నిలవదు కాబట్టి అవి దొరికినా ఒక సాక్ష్యమే.

బ్యాండ్ ఎక్కడ రావాలో కూడా ముందే తెలుసుకో. 297 అమైనో ఆమ్లాలు కాబట్టి లెక్కకు 33 కిలోడాల్టన్‌లు, జెల్ మీద మాత్రం 37, 38 దగ్గర ఆగుతుంది. లోడింగ్ కంట్రోల్‌గా (అన్ని గడుల్లో సమానంగా పోశామా అని చూపించే ప్రొటీన్‌గా) జీఏపీడీహెచ్ పెట్టకు, అదీ అక్కడే వచ్చి కూర్చుంటుంది. ట్యూబులిన్ పెట్టుకో, 50 దగ్గర దూరంగా ఉంటుంది.

ఇప్పుడు నా సిగ్గు కథ. చేరిన కొత్తలో ఒక అందమైన బ్యాండ్ తెచ్చాను. నల్లగా, సూటిగా, గీత గీసినట్టు. సార్ మెచ్చుకున్నారు. మూడు నెలలు దాని వెంట పడ్డాను. ఒకరోజు ప్రైమరీ (ప్రొటీన్‌ని పట్టుకునే మొదటి యాంటీబాడీ) పొయ్యడం మర్చిపోయి సెకండరీ (ఆ మొదటిదాన్ని పట్టుకుని గీత చూపించే రెండోది) ఒక్కటే పోశాను. అదే బ్యాండ్, అదే చోట! మూడు నెలలూ నేను చూసింది సెకండరీ తెచ్చిన గీతే. ఆ రోజు ఏడ్చాను, కానీ ఆ తర్వాత సెకండరీ మాత్రమే పోసిన ముక్క లేకుండా ఒక్క బ్లాట్ (జెల్ నుంచి మెంబ్రేన్ మీదికి దించి చేసే ఈ పరీక్ష) కూడా చెయ్యలేదు.

ఇంకా చిన్నవి ఉన్నాయి. డైల్యూషన్ (ఎంత పలచన చెయ్యాలన్నది) కంపెనీ కాగితంలో ఉన్నట్టే వెయ్యికి ఒకటి అని గుడ్డిగా వెయ్యకు, అయిదొందలు, వెయ్యి, రెండువేలు మూడూ చూడు. యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా మెంబ్రేన్‌ని పాలపొడితో బ్లాక్ చెయ్యొచ్చు, ఫాస్ఫేట్ తగిలిన ప్రొటీన్‌ని పట్టే ఫాస్ఫో యాంటీబాడీ అయితే మాత్రం బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసే ప్రొటీన్) వాడు, పాలల్లోని కేసీన్‌కే ఫాస్ఫేట్ ఉంటుంది. వాడిన ప్రైమరీని దాచుకోవడానికి, చెడిపోకుండా ఆపే అజైడ్ కలిపితే, సెకండరీకి ముందు మెంబ్రేన్‌ని బాగా కడుగు, సెకండరీకి తగిలించి ఉండే హెచ్‌ఆర్‌పీ అనే ఎంజైమ్‌ని అది చంపేస్తుంది. అజైడ్‌ని సింక్‌లో పొయ్యకు, రాగి, సీసం గొట్టాల్లో పేలే పదార్థం తయారవుతుంది.

దసరాకి వస్తావుగా, మొదటి బ్లాట్ పట్టుకురా. ఫోన్‌లో ఫొటో వద్దు. పైనుంచి కిందిదాకా అంచులు కత్తిరించకుండా, బరువులు చూపించే మార్కర్‌తో సహా మొత్తం కావాలి నాకు. మీ అమ్మ నీకు అప్పడాలు కొని పెట్టమంది, బస్టాండ్ దగ్గరివి వద్దట.

మీ పెద్దమ్మ