హిట్లర్ ఎస్.ఎస్. దళం అంతగా ఎలా ఎదిగింది? దాని ఆనవాళ్లు ఇంకా ఉన్నాయా?

ఒక నాయకుడి అంగరక్షకుల జట్టు దేశాన్నే ఎలా గుప్పిట్లో పెట్టుకుంది, ఆ ఛాయలు ఇప్పటికీ కనిపిస్తాయా అని అడిగారు. నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తూ, అద్దె కాస్త కలిసొస్తుందని పక్కనే ఉన్న డాఖౌలో ఉంటున్నాను. ఇండియా నుంచి చుట్టాలొచ్చారంటే స్టేషన్ దగ్గర 726 బస్సెక్కించి ఇక్కడి నిర్బంధ శిబిరం చూపించడం నా డ్యూటీ. అలా తిరుగుతూ, చదువుతూ తెలుసుకున్నది చెబుతాను.

1925లో మొదలైనప్పుడు ఎస్.ఎస్. పని హిట్లర్‌కు కాపలా కాయడం, అంతే. 1929 జనవరిలో హిట్లర్ అనుచరుడు హిమ్లర్ చేతికొచ్చేసరికి 300 మంది కూడా లేరు. ఈయన వ్యవసాయం చదివి, మ్యూనిక్ శివార్లలో కోళ్లు పెంచి చేతులు కాల్చుకున్న మనిషి. తెలివంతా ఫైళ్లు నడపడంలోనే. దళంలోవాళ్ల పెళ్లికి పైనుంచి అనుమతి కావాలన్నాడు, 1800 దాకా తాతముత్తాతల వివరాలు తెమ్మన్నాడు. నాజీ పార్టీదే మరో దళం, గోధుమరంగు చొక్కాల ఎస్.ఎ.లోకి ఎవరొచ్చినా చేర్చుకునేవారు. ఎస్.ఎస్.లో అందరికీ చోటు లేదనేసరికి డాక్టరేట్లున్నవాళ్లు కూడా ఎగబడ్డారు. 1933 జనవరికి 50,000 దాటారు.

అయితే అసలు బలం కోర్టులకు అందకుండా పోవడంతో వచ్చింది. డాఖౌ శిబిరం తెరిచింది 1933 మార్చి 22న. ఏప్రిల్ 12న నలుగురు యూదు ఖైదీలను బయటికి తీసుకెళ్లి కాల్చారు. పారిపోబోతుంటే కాల్చామన్నారు. ఎన్‌కౌంటర్ వార్తలు చదివిన మనకు ఈ కథ కొత్తేమీ కాదు. కానీ జోసెఫ్ హార్టింగర్ అనే ప్రాసిక్యూటర్ నమ్మలేదు. స్వయంగా శిబిరానికి వెళ్లి, శవాలకు పరీక్షలు చేయించి, కమాండెంట్ మీదే హత్య కేసు తయారుచేశాడు. హిట్లర్ అధికారంలో ఉండగా! ఆ ఫైలు పైకి వెళ్లి మంత్రి డెస్కులో పడి ఉండిపోయింది. యుద్ధం అయ్యాక అమెరికన్ల కంటపడి న్యూరెంబర్గ్‌లో నాజీల మీద జరిగిన విచారణలో సాక్ష్యంగా పనికొచ్చింది.

అప్పట్లో జరిగిందల్లా ఆ కమాండెంట్‌ని మార్చడం. వచ్చినవాడు థియోడర్ ఐకే. అతను చేసిన పని హింస ఆపడం కాదు, దానికి రూల్స్ రాయడం. ఏ తప్పుకు 25 దెబ్బలు, దేనికి ఉరి, అన్నీ కాగితం మీద పెట్టాడు. తర్వాత అన్ని శిబిరాలకూ అదే నమూనా.

1934 జూన్ 30న ఎస్.ఎ. నాయకుల ఏరివేత మొదలైంది. మర్నాడు జైల్లో వాళ్ల అధినేత రోమ్‌ని కాల్చినవాళ్లలో ఈ ఐకే ఒకడు. జులై 3న ఆ హత్యలన్నీ చట్టబద్ధమేనని ఏకంగా చట్టం చేశారు. అదే నెలలో, అప్పటిదాకా ఎస్.ఎ. కింద ఉన్న ఎస్.ఎస్. స్వతంత్ర సంస్థ అయింది. 1936లో దేశం మొత్తం పోలీసులకు హిమ్లరే అధిపతి. ఇక కేసు పెట్టేదెవరు, ఎవరి మీద?

శిబిరంలో మావాళ్లు తప్పకుండా అడిగేది, గోడ అవతల ఏముందని. ఖైదీలుండే భాగం కన్నా ఎస్.ఎస్. శిక్షణ ప్రాంగణమే పెద్దది. అందులో కొంత భాగం ఇప్పుడు బవేరియా పోలీసు దళం వాడుకుంటోంది. ఇది వినగానే అందరి మొహాలూ మారిపోతాయి.

యుద్ధం ముదిరాక ఎస్.ఎస్. సాయుధ విభాగంలోకి ఎవరు దొరికితే వాళ్లను లాగారు. మొత్తం మీద దాదాపు 9 లక్షల మంది పనిచేశారు. నేతాజీ జర్మనీలో భారతీయ యుద్ధఖైదీలతో ఏర్పాటు చేసిన దళాన్ని కూడా 1944 ఆగస్టులో ఇందులోనే కలిపేశారు. అప్పటికి ఆయన ఇక్కడ లేరు. "ఏరికోరిన జాతి" గొప్పలు అక్కడికొచ్చి చేరాయి.

ఆన్‌లైన్‌లో మనవాళ్లు "హిట్లర్ లాంటోడు రావాలి, క్రమశిక్షణ" అంటుంటే నాకు బూకెన్‌వాల్డ్ శిబిరం కమాండెంట్ కాఖ్ గుర్తొస్తాడు. ఎంత సొమ్ము మెక్కాడంటే 1945 ఏప్రిల్‌లో సొంత ఎస్.ఎస్. వాళ్లే కాల్చేశారు.

మిగిలిన ఆనవాళ్లంటారా, చిన్నవి రోజూ తగులుతుంటాయి. ఫ్రెండ్ ఒకతను కారు కొని, తన పేరూ భార్య పేరూ కలిసొచ్చేలా నంబర్ ప్లేటుకి ఎస్.ఎస్. అక్షరాలు అడిగాడు. ఇవ్వలేదు. ఆ అక్షరాలు ఇక్కడ ప్లేటు మీదకి రావు.

పెద్దవాటి సంగతి ఇంత శుభ్రంగా లేదు. 1946లో న్యూరెంబర్గ్ కోర్టు ఎస్.ఎస్.ను నేరస్థ సంస్థగా తేల్చింది. ఐదేళ్లకే మాజీలు సంఘం పెట్టుకుని, మేమూ మామూలు సైనికులమేనని పింఛన్ల కోసం లాబీయింగ్ మొదలుపెట్టారు. ఆ సంఘం 1992 దాకా నడిచింది. యూదుల నిర్మూలనకు ప్రణాళిక వేసిన ఎస్.ఎస్. అధికారి హైడ్రిచ్ భార్య కోర్టుకెక్కి మరీ వితంతు పింఛను సాధించుకుంది. కాపలాదారులను శిక్షించాలంటే ఫలానావాణ్ణి వీడే చంపాడని నిరూపించాల్సిందేనన్నట్టుగా దశాబ్దాలు గడిచాయి. 2011లో మ్యూనిక్ కోర్టు డెమ్యాన్యుక్ అనే మాజీ కాపలాదారు కేసులో, హత్యా శిబిరంలో కాపలా కాయడమే హత్యలకు సహకారమంది. అప్పటికి చాలామంది పోయారు. 2022లో సాక్సెన్‌హౌసెన్ శిబిరం మాజీ కాపలాదారు ఒకడికి ఐదేళ్ల శిక్ష వేసేనాటికి అతని వయసు 101. జైలుకెళ్లకుండానే మరుసటి ఏడు చనిపోయాడు.