పాఠశాలకు బాలు పేరు

ప్రశ్న: గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారిని నెల్లూరు ఏ విధంగా గౌరవించింది? విగ్రహం పెడితే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: బాలుగారు 2020 సెప్టెంబరు 25న కన్నుమూసిన తరువాత సుమారు రెండు నెలలకు, నెల్లూరులోని ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు ఆయన పేరు పెడుతున్నట్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. విగ్రహాలను తప్పుపట్టను గానీ, నా దృష్టిలో ఇదే సరైన గౌరవం. ఎందుకంటే శాస్త్రీయ సంగీతాన్ని గురుముఖతః నేర్చుకోకుండానే, హరికథా విద్వాంసుడైన తండ్రి సాంబమూర్తిగారి గానం వింటూ పెరిగి, 1966లో సినిమా పాట మొదలుపెట్టి, ‘శంకరాభరణం’ పాటలకు జాతీయ పురస్కారం అందుకున్న గాయకుని పేరు, ఇప్పుడు సరళీ స్వరాలు దిద్దుకునే పిల్లలు చదివే బడి గుమ్మం మీద ఉంటుంది. చదువుకునే వసతి దొరకని పిల్లలకు అది ఎంతో ధైర్యం.

అయితే ఊరు ఆయనకు ఇవ్వకముందే ఆయన ఊరికి ఇచ్చిన సంగతి కూడా చెప్పుకోవాలి. తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని వేద పాఠశాల కోసం 2020 ఫిబ్రవరిలో కంచి కామకోటి పీఠానికి స్వయంగా అప్పగించారు. పేరు పెట్టడంతో ప్రభుత్వం పని పూర్తయిందనుకోకూడదు. ఆ సంగీత పాఠశాలలో అధ్యాపకుల ఖాళీలు ఎప్పటికప్పుడు భర్తీ కావాలి, వీణలు, మృదంగాలు వాయించదగిన స్థితిలో ఉండాలి. మీ ఊరి నుంచి నెల్లూరు దూరమేమీ కాదు కనుక, పాడే పిల్లలుంటే అక్కడ చేర్పించే ప్రయత్నం చేయండి.