చలికాలం మైలేజీకి వేడి గాలి పైపు

మిషిగన్ చలికి మైలేజీ పడిపోతోంది, ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే ఇన్‌టేక్ పైపుని ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికొచ్చే వేడి గొట్టం) వైపు తిప్పనా అని అడిగారు కదా అన్నా. టర్బో లేని పెట్రోల్ బండే కాబట్టి కొంత పనిచేస్తుంది. వేడి గాలి పల్చగా ఉంటుంది, అదే పవర్‌కి థ్రాటిల్ (గాలిని అదుపు చేసే మూత) ఎక్కువ తెరుచుకుంటుంది, గాలి పీల్చడానికి ఇంజిన్ పడే శ్రమ తగ్గుతుంది. డీజిల్‌కైతే దండగ.

నేనైతే గ్రిల్ వెనక ఇన్‌టేక్ పైపు మూతి విప్పేసి, అల్యూమినియం ఫ్లెక్సిబుల్ పైపుని మేనిఫోల్డ్ మీది హీట్ షీల్డ్ (వేడిని ఆపే రేకు) పక్కదాకా లాగాను. ఎయిర్ ఫిల్టర్‌కి ముందే కలపండి. ప్లాస్టిక్ పైపు వద్దు, నాది మొదటిసారి కరిగి కారంతా కంపు. ఓబీడీ రీడర్‌లో (కారు కంప్యూటర్ లెక్కలు చూపించే పరికరం) ఇన్‌టేక్ టెంపరేచర్ చూస్తుండండి. మరీ వేడెక్కితే నాకింగ్ (ఇంజిన్ టకటక కొట్టుకోవడం) రాకుండా కారు కంప్యూటర్ స్పార్క్ టైమింగ్ తగ్గించేస్తుంది, లాభం హుష్‌కాకి.

ముందు టైర్లలో గాలి చూశారా? 5-6 డిగ్రీలు చల్లబడితే టైరు ప్రెషర్ సుమారు 1 పీఎస్‌ఐ పడిపోతుంది. ఎండలు రాగానే పైపు తీసేయండి.