నీళ్లు గింజలో ఉండాలి, గిన్నెలో కాదు

చెన్నై

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మొన్న నువ్వు ఫోనులో చెప్పినదంతా మీ అత్తయ్య నాకు పూసగుచ్చినట్లు చెప్పింది. ఇంట్లో పాప్‌కార్న్ చేస్తే సగం గింజలు పేలకుండా అడుగున మిగిలాయనీ, పేలినవి కూడా కరకరలాడకుండా సాగాయనీ, పిల్లలు మొహం చిట్లించారనీ. మైక్రోవేవ్ కొనమంటారా అని కూడా అడిగావట. దాని కోసమే అయితే వద్దమ్మా. నీ పొయ్యికేమీ రోగం లేదు. గింజలో ఉండవలసిన నీళ్లు ముందే ఎగిరిపోయాయి, గిన్నెలోంచి పోవలసిన నీళ్లు పోలేదు. జరిగింది ఇంతే. ఇక్కడి కొత్వాల్ చావడి బజారులో ధాన్యం కొట్టు నడిపినవాడిని కాబట్టి గింజ దగ్గరి నుంచి మొదలుపెడతాను. విసుక్కోకుండా చదువు.

మొక్కజొన్నలన్నీ పేలవు. కోళ్ల దాణాకు వెళ్లే పెద్ద గింజనూ, బండి మీద ఉడకబెట్టి అమ్మే తీపి మొక్కజొన్ననూ ఎంత వేయించినా మాడతాయే గానీ పువ్వు విచ్చవు. పేలే జాతి వేరు. ఆ గింజ చిన్నది, నిగనిగలాడుతుంది, కొరికితే పన్ను నొప్పెడుతుంది. పైతోలు అంత గట్టిగా ఉంటేనే పని జరుగుతుంది. మంచి గింజలు 100 గ్రాములు తీసుకుంటే అందులో 13, 14 గ్రాములు నీరే. గింజ 180 డిగ్రీల దాకా వేడెక్కేసరికి ఆ నీరు ఆవిరై బయటికి రావాలని చూస్తుంది, తోలు రానివ్వదు. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్ల వరకు పెరుగుతుంది. ఇక ఆపడం తోలు తరం కాదు. అది చిట్లగానే మెత్తబడిన పిండి నురగలా పొంగి, మరుక్షణం చల్లారి గట్టిపడుతుంది. తోలుకు సన్నని చీలిక ఉన్నా ఆవిరి అందులోంచి జారుకుంటుంది, గింజ పేలదు. అందుకే మా కొట్టుకు మూట వస్తే ముందు గుప్పెడు గింజలు తీసి, వీధి వాకిట్లో వెలుతురుకు పట్టి చూసేవాళ్లం. చీలినవి ఎక్కువగా కనిపిస్తే బేరం అక్కడితో సరి. ఇప్పుడు పొట్లం కట్టి అమ్ముతున్నారు కాబట్టి నువ్వు అంతగా చూడలేవు. పొట్లం అడుగున పిండి, నూక చేరాయేమో చూడు. చేరితే ఆ పొట్లం తీసుకోకు.

ఇక నిలవ సంగతి. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. మా ఊళ్లో సముద్రం పుణ్యమా అని గాలిలో తేమకు కొదవ లేదు. ఇక్కడ మా భయమంతా బూజు గురించి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు గోనె సంచి కూడా చెమ్మగిల్లేది. 1996లో కూరగాయల టోకు బజారు కోయంబేడుకు తరలిపోయిన తరువాత మా వీధిలో రద్దీ తగ్గింది గానీ, చెమ్మ తగ్గలేదు. మీ బెంగళూరు అలా కాదు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గాలి పెదవులు పగిలేంత పొడిగా ఉంటుంది. నువ్వు పొట్లం చివర కత్తిరించి, బట్టల క్లిప్పు పెట్టి, కిటికీ పక్క అరలో పెట్టావట. ఇంకేముంది, గింజలోని తేమ గాలిలో కలిసిపోయింది. చూడటానికి గింజ నిన్నటిలాగే ఉంటుంది, అదే దానితో వచ్చిన చిక్కు. ఫ్రిజ్‌లోనూ పెట్టకు, అక్కడ ఇంకా ఎండుతుంది. ఇంటికి తెచ్చిన రోజే గాజు సీసాలో పోసి మూత బిగించు.

ఎండిపోయిన గింజలను పారేయనక్కర్లేదు. అరకిలో గింజలకు ఒక పెద్ద చెంచాడు నీళ్లు సీసాలో పోసి, మూత బిగించి బాగా కుదుపు. మొదటిరోజు గుర్తు వచ్చినప్పుడల్లా కుదుపుతూ ఉండు. గింజల పైన తడి కనిపించకుండా పోవాలి. మూడు నాలుగు రోజులు ఆగి పది గింజలు వేయించి చూడు. అప్పటికీ నీరసంగా పేలితే మరో అర చెంచా నీళ్లు పోయవచ్చు. అంతకు మించవద్దు. తేమ ఎక్కువైతే పువ్వు చిన్నదిగా, గట్టిగా వస్తుంది. అలాంటప్పుడు పళ్లెంలో పలచగా పరిచి ఒక పూట నీడన ఉంచాలి.

పేలాలు మనవాళ్లకు కొత్తా? పెళ్లిలో లాజహోమానికి వరి పేలాలు, తొలి ఏకాదశికి బెల్లం కలిపిన పేలాల పిండి, ఇక్కడి తమిళుల ఇళ్లలో కార్తిక దీపానికి పొరి ఉండలు. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, మంగలం అనే మట్టిపాత్రలో ఇసుక కాచి జొన్నలు పేల్చేది. ఇసుక ఎందుకంటే, గింజ చుట్టూ వేడి సమంగా తగలాలి. ఒక పక్క మాడి మరో పక్క చల్లగా ఉంటే గింజ పేలదు. గిన్నెలో ఆ పని నూనె చేయాలి. ఆరోగ్యం పేరు చెప్పి నువ్వు అర చెంచా నూనెతో సరిపెట్టావని విన్నాను. ఆ పిసినారితనం ఇక్కడ పనికిరాదు. 50 గ్రాముల గింజలకు రెండు పెద్ద చెంచాల వేరుశెనగ నూనె పోయి. సినిమా హాలు వాసన కావాలంటే కొబ్బరినూనె. పసుపు రంగు ఇష్టమైతే చిటికెడు పసుపు నూనెలో వేసుకో.

గిన్నె అడుగు దళసరిగా ఉండాలి, మూడు లీటర్లు పట్టాలి. 50 గ్రాములు బాగా పేలితే రెండు లీటర్ల దాకా అవుతాయి, ఇరుకైతే కిందివి మాడతాయి. మీ అత్తయ్య కుక్కర్‌లోనే చేస్తుంది, మేము మద్రాసులో కిరోసిన్ వత్తుల స్టవ్ మీద వండుకునే రోజుల నుంచీ అంతే. కానీ మూత బిగించదు. గాస్కెట్, వెయిట్ తీసేసి పైన పళ్లెం మాత్రం బోర్లిస్తుంది. కుక్కర్ మూత బిగించి పేల్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎగిరిపడిన పొట్టు ఆవిరి గొట్టంలో అడ్డుపడితే ఏమవుతుందో ఆలోచించరు.

నూనెలో మూడు గింజలు వేసి, మూత పెట్టి, మధ్యరకం మంట మీద ఆగు. అవి పేలగానే మిగిలినవన్నీ ఒకే వరుసగా పరుచుకునేలా పోసి, గిన్నెను పొయ్యి మీది నుంచి దించి అర నిమిషం పక్కన పెట్టు. అన్ని గింజలూ ఒకే వేడికి వస్తాయి. మళ్లీ పొయ్యి మీద పెట్టాక ఒక్కసారిగా టపటపలు మొదలవుతాయి. మంట మరీ తగ్గిస్తే తొడిమ దగ్గరి సందులోంచి ఆవిరి మెల్లగా కారిపోతుంది. మరీ పెంచితే తోలు మాడి, లోపలి పిండి ఉడకకముందే చిట్లుతుంది. గిన్నెను రెండు చెవులూ గుడ్డతో పట్టుకొని అప్పుడప్పుడు ఊపు.

ఇప్పుడు మూత. నువ్వు గట్టిగా మూసి ఉంచావు, పువ్వులు సాగింది అందుకే. 50 గ్రాముల గింజలు పేలితే ఐదారు గ్రాముల నీరు బయటికి వస్తుంది. వినడానికి చెంచాడే, ఆవిరిగా మారితే ఎనిమిది, పది లీటర్ల చోటు కావాలి. మూడు లీటర్ల గిన్నెలో అది ఎక్కడికి పోతుంది? పువ్వుల్లోకే మళ్లీ దిగుతుంది. మూతను ఒక పక్కకు వేలెడు సందు ఉండేలా జరిపి పెట్టు. ఆ సందు నీ మొహం వైపు కాదు, గోడ వైపు ఉండాలి. ఒకటీ అరా గింజలు బయటికి దూకుతాయి, దూకనీ. టపటపల మధ్య రెండు మూడు సెకన్ల ఎడం రాగానే పొయ్యి కట్టేసి, వెంటనే వెడల్పాటి పళ్లెంలో గుమ్మరించు. అడుగున నాలుగు గింజలు మిగిలితే మిగలనీ. వాటి కోసం ఆగితే పైవన్నీ మాడతాయి.

రాళ్ల ఉప్పు పువ్వులకు అంటదు, జారి అడుగుకు చేరుతుంది. మిక్సీలో పిండిలా పొడిచేసి, పువ్వులు వేడిగా ఉన్నప్పుడే చల్లు. వెన్న పోయాలని పిల్లలు పట్టుబడితే నెయ్యి పోయి. వెన్నలో నూటికి 16 పాళ్ల దాకా నీరుంటుంది, తగలగానే పువ్వు ముడుచుకుపోతుంది. నెయ్యి కాచినప్పుడే ఆ నీరు పోయింది. నెయ్యి, కందిపొడి కలిపి తిని చూడు, సినిమా హాలులో డబ్బు తగలేసినందుకు నీకే కోపం వస్తుంది.

మైక్రోవేవ్ మీద నాకు పగ లేదు. దాన్ని కనిపెట్టిన అమెరికా ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ 1945 ప్రాంతంలో మొట్టమొదట పెట్టి చూసిన వాటిలో మొక్కజొన్న గింజలు ఉన్నాయంటారు. ఆ యంత్రమైనా వేడెక్కించేది గింజలోని నీటినే. ఎండిన గింజలు అందులో పెట్టినా నీకు మిగిలేది మాడు వాసనే.

చిన్నవాడికి ఇంకా నాలుగేళ్లు నిండలేదు కదా, వాడికి మాత్రం పెట్టకు. పొట్టు గానీ, పేలని గింజ గానీ గొంతుకు అడ్డం పడుతుంది. వాడు గోల చేస్తే బొరుగులు నానబెట్టి పెరుగులో కలిపి పెట్టు. పెద్దదాన్ని గిన్నె ఊపనివ్వకు, ఉప్పు చల్లే పని అప్పగించు.

వచ్చే ఆదివారం మీ బావ బెంగళూరు వస్తున్నాడు. కిలో గింజలూ, మీ అత్తయ్య కొట్టిన కందిపొడీ అతని చేత పంపుతున్నాను. గింజలు నేనే ఏరాను, చీలినవి ఉండవు. అతను పెట్టె దించిన వెంటనే సీసాలో పోసెయ్. కిటికీ పక్క అర మాత్రం వద్దు.

ఇట్లు,
మీ మామయ్య