కోడ్ వచ్చు, ఇంగ్లీషు రాదు: ముందు ఏది నేర్చుకోవాలి?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం. పైథాన్, జావా బాగా వచ్చు. మా ప్రాజెక్టు కోడ్‌లో సగానికి పైగా నేనే రాశాను. కానీ దాన్ని ఇంగ్లీషులో వివరించాల్సి వచ్చినప్పుడు మా బృందంలోని మరో ఇద్దరు మాట్లాడారు, నేను పక్కన నిలబడ్డాను. చేతిలో ఆరు నెలల సమయం ఉంది. ఇంకో ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోనా, ఇంగ్లీషు శిక్షణలో చేరనా? అనువాదం ఇప్పుడు యంత్రాలే చేస్తున్నాయి కదా, సాంకేతిక ఉద్యోగానికి ఇంగ్లీషు నిజంగా అంత అవసరమా?
– ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘పక్కన నిలబడ్డాను’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ డేటాబేస్‌నే ఎందుకు ఎంచుకున్నారు, వాడేవాళ్లు పది రెట్లు పెరిగితే ఏమవుతుంది అని ఎవరైనా లోతుగా అడిగి ఉంటే, జవాబు తెలిసింది మీకు. మాట్లాడింది వేరేవాళ్లు. నష్టం మీ ఒక్కరికే జరిగిందని మీరు అనుకుంటున్నారు. విన్నవాళ్లకూ సగం సమాచారమే అందింది. ఉద్యోగంలో చేరాక రోజూ ఇదే జరిగితే ఒక బృందం ఎంత పోగొట్టుకుంటుందో ఆలోచించండి.

అందుకే సూటిగా చెబుతున్నాను. ఈ ఆరు నెలలూ మూడో ప్రోగ్రామింగ్ భాష జోలికి వెళ్లకండి. రెండు బాగా వచ్చినవారికి మూడోది అవసరం పడినప్పుడు కొద్ది వారాల్లో పట్టుబడుతుంది. ఇంగ్లీషు అలా పట్టుబడదు, నెలల తరబడి రోజూ కొంత సమయం అడుగుతుంది. ఆ సమయం మీ దగ్గర ఇప్పుడే ఉంది.

అయితే మీరు ఊహించుకుంటున్న ఇంగ్లీషు వేరు, నేను చెబుతున్నది వేరు. గడగడా మాట్లాడటం, విదేశీ యాస, బరువైన పదాలు ఈ వృత్తికి అక్కరలేదు. మీరు అనుకున్న విషయం ఎదుటివారికి మారిపోకుండా చేరాలి, వాళ్లు చెప్పింది మీకు మారిపోకుండా అందాలి. చిన్న చిన్న వాక్యాలతో ఈ పని జరిగిపోతే మీకు ఇంగ్లీషు వచ్చినట్లే. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్ వాసి, మాతృభాష స్వీడిష్. పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ నెదర్లాండ్స్ వాసి. ఇటలీకి చెందిన సాల్వటోరే శాన్‌ఫిలిప్పో పేరు మీరు విని ఉండకపోవచ్చు, ఆయన తయారుచేసిన రెడిస్ అనే డేటాబేస్ పేరు మాత్రం తప్పక వినే ఉంటారు. ఇంగ్లీషు తనను పదిహేనేళ్లు బాధపెట్టిందని ఆయన దాచకుండా రాసుకున్నారు. మీ బాధ మీ ఒక్కరిదీ కాదు, మీ తెలివికి కొలతా కాదు.

మీరు పైథాన్ రాస్తారు కాబట్టి పెప్ 8 పత్రం చూసే ఉంటారు. 2001 నాటి ఆ శైలి నియమాలను రాసినవారిలో గైడో ఒకరు. ఇంగ్లీషు మాట్లాడని దేశాల ప్రోగ్రామర్లు సైతం కోడ్ పక్కన వివరణగా రాసే వ్యాఖ్యలను (కామెంట్లను) ఇంగ్లీషులోనే రాయాలని, తమ భాష రానివారు ఆ కోడ్‌ను ఎప్పటికీ చదవరని 120 శాతం నమ్మకం ఉంటేనే వేరే భాషలో రాయాలని అందులో కోరారు. ఇంగ్లీషు గొప్పదని చెప్పడం దాని ఉద్దేశం కాదు. కోడ్ రాసినవారు వెళ్లిపోతారు. కోడ్ ఉండిపోతుంది, రేపు దాన్ని ఎవరు తెరుస్తారో ఎవరికీ తెలియదు.

రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష సంగతి కూడా ఇలాంటిదే. యుకిహిరో మత్సుమోటో దాన్ని 1995లో జపాన్‌లో విడుదల చేశారు. తొలినాళ్లలో దాని గురించిన సమాచారం దాదాపు అంతా జపనీస్‌లోనే ఉండేది. 2000లో ఇంగ్లీషులో సమగ్రమైన పుస్తకం వచ్చాకే బయటి దేశాల్లో దానికి గుర్తింపు పెరిగింది, 2004లో డెన్మార్క్ ప్రోగ్రామర్ ఒకరు దాని మీదే వెబ్‌సైట్లు తయారుచేసే రైల్స్ అనే పనిముట్టును కట్టారు. బ్రెజిల్‌లో 1993లో పుట్టిన లువా అనే ప్రోగ్రామింగ్ భాష కూడా 1996లో ఇంగ్లీషు పత్రికల్లో వ్యాసాలు వచ్చిన తర్వాతే కంప్యూటర్ ఆటలు తయారుచేసేవారి కంట పడింది. రెండింటి విషయంలోనూ పనిముట్టు మొదటి నుంచీ బాగానే ఉంది. అది బాగుందని దూరాన ఉన్నవారికి తెలియడానికి వివరణ కావలసి వచ్చింది. మీ ప్రాజెక్టుకు జరిగింది దీనికి చిన్న రూపం.

ఇక రోజువారీ పనిలోకి వద్దాం. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవారు మస్ట్, షుడ్, మే వంటి మాటల అర్థాలను తేల్చడానికే 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం తెచ్చారు. మస్ట్ అంటే తప్పనిసరి. షుడ్ అంటే చేయాలి, కానీ సరైన కారణం ఉండి, పర్యవసానాలు తూచి చూసుకుంటే మానవచ్చు. మే అంటే ఐచ్ఛికం. మస్ట్‌ను సలహాగా చదివినవారు రాసిన ప్రోగ్రాముకు అవతలి ప్రోగ్రాముతో పొసగదు. ఇలాంటి చోట కావలసింది పద సంపద కాదు, చిన్న మాట బరువు తెలియడం.

తెలుగు నుంచి వచ్చిన మనం జారే చోట్లు మరికొన్ని ఉన్నాయి. ఇవి ఏ శిక్షణలోనూ చెప్పగా నేను చూడలేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ‘ఇంకా అప్‌డేట్ చేయలేదా?’ అని అడిగితే మనం ‘అవును, చేయలేదు’ అంటాం. తెలుగులో అది నిక్షేపంలాంటి జవాబు. అదే ప్రశ్న ఇంగ్లీషులో వచ్చినప్పుడు అలవాటు కొద్దీ ‘యస్’ అని ఊరుకుంటే, అవతలివారికి పని అయిపోయిందని అర్థం కావచ్చు. ఆ నమ్మకంతో వాళ్లు తర్వాతి అడుగు వేస్తారు. అందుకే ఇలాంటి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఇవ్వకండి. చేశారో చేయలేదో పూర్తి వాక్యంలో చెప్పండి. ఈమెయిలుకు జవాబివ్వమని అడగడానికి మనవాళ్లు ‘రివర్ట్’ అని రాస్తుంటారు. కోడ్‌లో మార్పులను నమోదు చేసే గిట్ అనే పనిముట్టు వాడేవారికి రివర్ట్ అంటే చేసిన మార్పును రద్దు చేయడం! ‘డౌట్’ కూడా అంతే. మీరు ప్రశ్న ఉందని అంటారు, ఎదుటివారికి తమ మాట మీద అపనమ్మకం ఉందన్నట్లు వినిపిస్తుంది.

ఇంకొకటి మర్యాదకు సంబంధించినది. ‘ఇది మార్చండి’ అన్నప్పుడు చివరి ‘అండి’లోనే గౌరవం ఉంది, వేరే మాట అక్కరలేదు. దాన్ని ఉన్నదున్నట్లు ఇంగ్లీషులో పెడితే ఆ ‘అండి’ రాలిపోయి ఆజ్ఞ మిగులుతుంది. తోటివారి కోడ్‌ను సమీక్షిస్తూ మీరు మంచి మనసుతో రాసిన వ్యాఖ్య వారికి కటువుగా తగిలేది ఇందువల్లే. మార్పు అడిగినప్పుడు కారణం కూడా రాయండి, లేదా ప్రశ్నగా అడగండి. కటువుదనం చాలావరకు పోతుంది.

ఇప్పుడు బృందం సంగతి. నా దగ్గరకు సలహా కోసం వచ్చిన ఒక యువకుడు చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. కొత్త వ్యవస్థ రూపకల్పన మీద చర్చ జరుగుతోంది. ఒకే చెల్లింపు రెండుసార్లు నమోదయ్యే అవకాశం ఉందని అతనికి తట్టింది. వాక్యం కూర్చుకునేలోగా చర్చ ముందుకు వెళ్లిపోయింది. తప్పుగా మాట్లాడతానేమోనని ఊరుకున్నాడు. కొన్ని వారాల తర్వాత పరీక్షల్లో సరిగ్గా అదే లోపం బయటపడింది, అప్పటికి దాని మీద కట్టిన పనంతా మళ్లీ చేయాల్సి వచ్చింది. అతనికి ఆ రోజు కావలసింది రెండు చిన్న వాక్యాలు, అంతే.

ఇందులో బాధ్యత అతనొక్కడిదే అనను. ఇంగ్లీషు బాగా వచ్చినవారు నుడికారాలు తగ్గించి నెమ్మదిగా మాట్లాడాలి. చర్చకు ముందే విషయాన్ని రాసి పంపాలి, చర్చ అయ్యాక తీసుకున్న నిర్ణయాలను రాసి పెట్టాలి. ఇంగ్లీషు ఒక్కటి ఉంటే చాలదన్నదీ నిజమే. 1999లో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దగ్గర నాశనమైంది. ఒక బృందం సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో అంకెలు ఇచ్చింది, రెండో బృందం వాటిని న్యూటన్ల లెక్కగా తీసుకుంది. రెండు వైపులా ఇంగ్లీషు బాగా వచ్చినవారే. నేను మిమ్మల్ని నేర్చుకోమంటున్నది అనుమానం వచ్చినచోట ఆగి ‘మీరు చెప్పింది నాకు ఇలా అర్థమైంది, సరేనా?’ అని అడగగలిగే ఇంగ్లీషు.

యంత్రానువాదం గురించి అడిగారు. వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ అది ఇచ్చిన వాక్యం మీరు అనుకున్నదే చెబుతోందో లేదో తేల్చవలసింది మీరే. దానికి భాష రావాలి. అర్ధరాత్రి సర్వర్ ఆగిపోయి పదిమంది ఒకే కాల్‌లో ఉన్నప్పుడు అనువదించుకునే వ్యవధి దొరకదు. కంపెనీ కోడ్‌ను, వినియోగదారుల వివరాలను బయటి పరికరాల్లో అతికించకూడదనే నియమం చాలాచోట్ల ఉంటుంది, అది కూడా గుర్తుంచుకోండి.

ఇక ఆరు నెలలు ఎలా గడపాలి? ముందు రాత, తర్వాత మాట. మీలాంటివారికి నేను ఈ క్రమమే చెబుతాను. రాసేటప్పుడు ఎవరూ మీ వైపు చూస్తూ ఉండరు, కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు. రోజూ అరగంట అధికారిక పైథాన్ పత్రాల్లో ఒక భాగం పైకి చదవండి. కోడ్‌లో చేసిన ప్రతి మార్పుకూ గిట్‌లో సందేశం రాస్తారు కదా, అక్కడ ‘అప్‌డేట్’ అని ఒక్క మాట పడేసి వదలకండి. ఏం మార్చారో ఒక వాక్యం, ఎందుకు మార్చారో మరో వాక్యం. లోపం కనబడితే మూడు సంగతులు రాయండి: నేను చేసింది, జరుగుతుందనుకున్నది, నిజంగా జరిగింది. ఈ మూడూ తడబడకుండా రాయగలిగేవారి ప్రశ్నలకు జవాబులు త్వరగా వస్తాయి. ముందు తెలుగులో ఆలోచించుకోవడానికి సిగ్గుపడకండి. కారణం ఏమిటో, ఫలితం ఏమిటో తెలుగులో తేటగా విడదీసుకున్న మనిషికి ఇంగ్లీషులో వెతుక్కోవాల్సింది మాటలే.

రెండో నెల నుంచి మీరు రాసిన ఒక ఫంక్షన్‌ను తీసుకుని, అది ఏం చేస్తుందో రెండు నిమిషాలు చెబుతూ ఫోన్‌లో రికార్డు చేసుకోండి, విని మళ్లీ చెప్పండి. మొదటివారం మీ గొంతు మీకే నచ్చకపోవచ్చు, ఆపకండి. కోడింగ్ ఇంటర్వ్యూల్లో సమస్యను ఎలా విడదీస్తున్నారో పైకి చెబుతూ పని చేయమంటారు. ఆ సాధన మీకు ఇక్కడే అయిపోతుంది. శిక్షణలో చేరాలనుకుంటే చేరండి, కానీ మీరు రాసినదాన్ని చదివి దిద్దుతారా అని ముందే అడగండి. ఖాళీలు పూరించడంతో సరిపెట్టే చోటికి డబ్బు కట్టకండి.

ఈ వారమే మీ ప్రాజెక్టుకు ఒక రీడ్‌మీ, అంటే కోడ్‌తో పాటు ఉంచే పరిచయ పత్రం, రాయండి. అది ఎవరి కోసం, ఎలా నడపాలి, ఆ డేటాబేస్‌నే ఎందుకు ఎంచుకున్నారు, ఇంకా ఏ లోపాలు మిగిలాయి. ఒకటిన్నర పేజీ చాలు. తర్వాతి సమీక్షలో డేటాబేస్ భాగం మాత్రం నేనే చెబుతానని ఆ ఇద్దరు మిత్రులకు ఇప్పుడే చెప్పండి, మిగతాది వాళ్లను చెప్పనివ్వండి. అయిదు నిమిషాలు. మధ్యలో మాట తడబడితే ఒక్క క్షణం ఆగి ఆ వాక్యాన్ని మళ్లీ మొదలుపెట్టండి. రీడ్‌మీ పూర్తయ్యాక నాకూ పంపండి, చదివి దిద్ది తిరిగి పంపుతాను.