నాలుగో జత టైర్లు కొనకుండా ఉండాలంటే

ప్రశ్న: నా వయసు 29. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం, చేతికి 52 వేలు వస్తాయి. 15 నెలల క్రితం 2012 మోడల్ హోండా సివిక్ సెకండ్‌హ్యాండ్‌లో కొని, కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు వేయించాను. అప్పటి నుంచి వెనక టైర్లు లోపలి అంచున 11 వేల కిలోమీటర్లకే గుండు అవుతున్నాయి. రెండు జతలు పోయాయి, మూడోది కొనాలి. జత 16 వేలు. ఇక్కడి షాపులో ముందు చక్రాలకే అలైన్‌మెంట్ చేసి, ‘వెనక సెట్టింగ్ ఉండదు సార్’ అంటున్నారు. హైదరాబాద్‌లో అడ్జస్టబుల్ ఆర్మ్‌ల (చక్రాన్ని కారుకు కలిపే కడ్డీల) కిట్ 38 వేలు చెప్పారు. టైర్లు క్రెడిట్ కార్డు ఈఎంఐలో తీసుకోనా, లేక మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 5 వేల సిప్ ఆపేసి కిట్ వేయించనా? నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుతాను, అందులో ఎక్కువ భాగం వారాంతాల్లో హైదరాబాద్‌కే. పాత స్ప్రింగులు అటక మీద ఉన్నాయి.
హనుమకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: రెండూ వద్దండీ. ముందుగా వెనక చక్రాల టో (చక్రం చూసే దిక్కు) సరిచేయించండి. డబ్బుల ప్రశ్న అడిగితే కారు కిందికి దూరుతున్నాడేమిటి అనుకోకండి, మీ డబ్బు కారుతున్నది అక్కడే.

కారును కిందికి దించితే వెనక చక్రాలకు రెండు జరుగుతాయి. చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, అది క్యాంబర్. నిలబడి చూస్తే కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ నింద దాని మీదే వేస్తారు. రెండోది టో. పైనుంచి చూస్తే చక్రం నేరుగా ముందుకు కాకుండా కాస్త పక్కకు చూస్తుండటం. పాదాలు వంకరగా వేసి నడిచేవాళ్ల చెప్పులు ఒక వైపే ఎలా అరుగుతాయో చూసే ఉంటారు, ఇదీ అంతే. పావు డిగ్రీ టో తేడా ఉందంటే, లెక్క ప్రకారం కిలోమీటరు నడిచేసరికి టైరు నాలుగు మీటర్లకు పైగా పక్కకు రాసుకున్నట్టు. హనుమకొండ నుంచి హైదరాబాద్ వెళ్లేలోపు అది 600 మీటర్లు దాటుతుంది. తిరుగు ప్రయాణంలో మళ్లీ అంతే.

మీరే పరీక్షించుకోవచ్చు. కారు ఆపాక వెనక టైరు మీద అరచేతిని అడ్డంగా, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి రాయండి. ఒక వైపు రాస్తే నున్నగా ఉండి, రెండో వైపు రాస్తే రంపం పళ్లలా గీరుకుంటే అది టో పని. ఎటు రాసినా నున్నగానే ఉండి లోపలి అంచు మాత్రమే అరిగితే క్యాంబర్. తీగలు తేలి ఉంటే మాత్రం చెయ్యి పెట్టకండి, ఆ టైర్లతో హైవే ఎక్కకండి.

షాపు ఆయన మాట పూర్తిగా అబద్ధమేం కాదు. ఆయన రోజూ చూసే స్విఫ్ట్, ఐ20 లాంటి కార్లకు వెనక రెండు చక్రాలనూ కలిపే ఒకే బీమ్ ఉంటుంది, తిప్పడానికి బోల్టు ఉండదు. మీ సివిక్‌కు వెనక డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రానికి విడివిడిగా పైనా కిందా ఆర్మ్‌లు. టో తిప్పడానికి కింది ఆర్మ్ దగ్గర కంపెనీ ఇచ్చిన బోల్టే ఉంది. క్యాంబర్‌కు మాత్రం అలాంటి ఏర్పాటు లేదు, ఆ కిట్ అమ్మేది అందుకే.

ఇక లెక్క. 16 వేల జత 11 వేల కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు రూపాయి 45 పైసలు. ఏడాదికి 18 వేల కిలోమీటర్ల మీద 26 వేల రూపాయల పైమాటే. టో కుదిరాక, క్యాంబర్ అలాగే ఉన్నా, జత 30 వేల కిలోమీటర్లు వస్తుందనుకుందాం. ఖర్చు 9,600కు దిగుతుంది. ఆపైన కిట్ కూడా వేసి 40 వేలు లాగారనుకోండి, ఖర్చు 7,200. అంటే 38 వేలు పెట్టి ఏడాదికి మిగుల్చుకునేది 2,400. ఈ కిట్ తన ధర రాబట్టుకోవాలంటే 15 ఏళ్లు పైనే కావాలి. మీ కారు ఆర్సీకి 15 ఏళ్లు నిండేది 2027లో!

అప్పుడు రెన్యువల్ ఫీజు 5 వేలు, గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్ తనిఖీ ఉంటాయి. దించిన కారుతో అక్కడ నిలబడటం ఒక టెన్షన్. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున ఇంకో టెన్షన్. అందుకే మీ ఉత్తరంలో నాకు అన్నింటికన్నా నచ్చిన మాట అటక మీది స్ప్రింగులు. వాటిని అమ్మకండి. తిరిగి వేయిస్తే క్యాంబర్ చాలావరకు దానంతటదే వెనక్కి వస్తుంది, ఖర్చు కూలీ, మరో అలైన్‌మెంటే. నన్నడిగితే ఇప్పుడే వేయించమంటాను. కానీ 29 ఏళ్ల వయసులో నా స్కూటర్‌కు నేనేం చేశానో గుర్తుంది కాబట్టి బలవంతం చేయను.

మరి టైర్ల డబ్బు? జీతం 52 వేలున్నా 16 వేలకు కార్డు గీకాల్సి వస్తోందంటే చేతిలో అత్యవసర నిధి లేదన్నమాట. టైర్ల కన్నా నన్ను కలవరపెట్టేది అదే. సిప్ జోలికి వెళ్లకండి. లీటరుకు 12 కిలోమీటర్లు వేసుకున్నా హైదరాబాద్ రాకపోకలకు 24 లీటర్లు, టోల్‌తో కలిపి రెండున్నర వేలు దాటుతుంది. ఏడు వారాంతాలు కాజీపేటలో రైలెక్కండి, టికెట్లు పోను ఇంచుమించు టైర్ల డబ్బు చేతికొస్తుంది. అరిగిన టైర్లతో హైవే ఎక్కే అవసరమూ ఉండదు. ఆ తర్వాత నెలకు 800 వేరే ఖాతాలో వేస్తుంటే తర్వాతి జతకు ఎవర్నీ అడగక్కర్లేదు.

షాపుకు వెళ్లినప్పుడు నాలుగు చక్రాలకూ సెన్సర్లు పెట్టమనండి. ముందుగా బుష్‌లు (ఆర్మ్‌ల కీళ్లలోని రబ్బరు దిమ్మెలు) చూడాలి, చిరిగి ఉంటే ఎంత తిప్పినా సెట్టింగ్ నిలవదు. వెనక టో రెండు వైపులా సమానంగా కుదిర్చాకే ముందు చక్రాలు, లేకపోతే స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. ఆర్మ్‌ల బోల్టులు వదులు చేస్తే, జాకీ మీద వేలాడుతుండగా కాదు, బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు వేయమనండి. ఆ టో బోల్టు తుప్పు పట్టి కదలకపోవచ్చు. కోయాల్సి వస్తే ఎంతవుతుందో పని మొదలుపెట్టకముందే అడగండి. పనికి ముందు రీడింగ్, పని తర్వాత రీడింగ్ రెండూ కాగితం మీద తీసుకోండి.