మీ ఉత్తరాలు, మా జవాబులు: పెట్టె అడుగున దొరికిన గెజిట్ కాయితం

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ చోటు ఒకే ఉత్తరానికి పోయింది. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి, ఆ ఉత్తరంతోపాటు వచ్చిన ఫొటో చూశాక చిన్న జవాబుతో సరిపెట్టడానికి మనసొప్పలేదు.

ప్రశ్న: మా అత్తగారింట్లో పాత ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున పరిచిన కాయితం ఒకటి దొరికింది. ఒక పక్క తెలుగు, వెనక ఒరియా అచ్చు. పైన గంజాం జిల్లా గెజిట్ అని ఉంది గానీ అంచు చిరిగిపోయి సంవత్సరం కనబడటం లేదు. "విద్యార్థి వేతనములు" అని పెద్దక్షరాలు, కింద అన్నీ షరతులే, ఎవరి పేరూ లేదు. అత్తగారేమో ఇది మా మామగారి తాతగారికి వచ్చిన స్కాలర్‌షిప్ కాయితం అంటున్నారు. నిజమేనా? ఏ కాలం నాటిది? ఫొటో పంపుతున్నాను.
(ఒక పాఠకురాలు, బరంపురం)

జవాబు: అమ్మా, ముందు అత్తగారి మాట సంగతి. ఇది స్కాలర్‌షిప్ వచ్చినట్టు ఇచ్చిన కాయితం కాదు. ఫలానా పరీక్షలో ప్యాసైన పిల్లలు, ఇంత వయసు లోపు వాళ్లు, ఫలానా తేదీలోగా అర్జీ పెట్టుకోవచ్చని అందరికీ చెప్పే ప్రకటన ఇది. మన జిల్లా 1936 మార్చి ఆఖరు దాకా మద్రాసు రాజధానిలో (అంటే మద్రాసు ప్రెసిడెన్సీ అనే అప్పటి రాష్ట్రంలో) ఉండేది కదా, మొత్తం రాజధానికి మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్ వచ్చేది, అది 1832లో మొదలైంది. అదికాక జిల్లాలకి విడిగా గెజిట్లు ఉండేవి, వాటిని ఇంగ్లీషుతోపాటు జిల్లా భాషల్లోనూ వేసేవాళ్లు. మన గంజాంలో తెలుగు, ఒరియా రెండూ కావాలి కాబట్టి మీ కాయితం అటూ ఇటూ అచ్చయింది.

ఇక ఏ కాలం అన్నది. తేదీ చిరిగిపోయినా కాయితంలోని మాటలే కాలం చెబుతాయి. నేను ఇలాంటివి చూసినప్పుడు చేసే పని ఇదే, మీరూ చేసి చూడండి. ఫొటోలో మూడో షరతు దగ్గర "తాలూకా బోర్డు" అని ఉంది. ఆ బోర్డులు 1884 నాటి మద్రాసు లోకల్ బోర్డుల చట్టంతో వచ్చాయి, 1934లో రద్దయ్యాయి, కాబట్టి మీ కాయితం ఆ యాభై ఏళ్లలోదే. ఇంకొంచెం కిందికి వస్తే "పంచమ బాలురకు" అన్న మాట ఉంది, అంటే అప్పట్లో అంటరానివాళ్లని దూరం పెట్టిన కులాల పిల్లలకి. 1893 ఫిబ్రవరిలో మద్రాసు ప్రభుత్వం పంచముల చదువు గురించి ఒక పెద్ద ఉత్తర్వు ఇచ్చింది, వాళ్లకి బడులు, ఉపాధ్యాయుల శిక్షణ, స్టైపెండ్లు అన్నీ అందులో ఉన్నాయి, ప్రభుత్వ కాయితాల్లో ఆ మాట బాగా కనబడేది ఆ రోజుల నుంచే. 1922లో ఆ మాట తీసేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయాలన్నారు. అంటే సుమారుగా 1893కీ 1922కీ మధ్య. ఇంకా తగ్గించవచ్చు: ఆఖరి షరతులో "మెట్రిక్యులేషను" అని ఉంది, ఎస్సెస్సెల్సీ అని లేదు. మద్రాసులో మెట్రిక్యులేషను స్థానంలో ఎస్సెస్సెల్సీ (బడి చదువు ముగించే పరీక్ష) 1910 ప్రాంతంలో వచ్చింది. అందువల్ల 1893కి తర్వాత, సుమారు 1910 లోపు అనుకోవచ్చు. మీ ఇంట్లో పుట్టిన తేదీలు రాసిన పాత పంచాంగం గానీ, జాతకం గానీ ఉంటే ఆ తాతగారి వయసు ఇందులో సరిపోతుందో లేదో చూడండి.

ఆ మాట ఎందుకంటున్నానంటే, ఫొటోని పెద్దది చేసి చూశాను. కుడి పక్క అంచున, వయసు షరతుకి ఎదురుగా పెన్సిలుతో ఏదో రాసి ఉంది. "చినబాబు 11" అని నాకు కనబడింది. ఆఖరు తేదీ కింద కూడా రెండు గీతలు, రెండోది గట్టిగా నొక్కి గీసింది, కాయితం అక్కడ కొంచెం నలిగింది కూడా. ఎవరో ఇంటి పెద్ద, ఈ గెజిట్ చేతికొచ్చాక, ఇంట్లో పిల్లాడి వయసు పదకొండు, సరిపోతుంది అని లెక్క చూసుకుని ఉంటారు. వేతనం వచ్చిందో లేదో ఈ కాయితం చెప్పదు. కానీ అత్తగారి మాట గాలి మాట కాదమ్మా, ఆ కాయితం ఊరికే పెట్టెలోకి వెళ్లలేదు, ఆ సంగతి ఆవిడకి చెప్పండి.

ఆ రోజుల్లో ఈ వేతనం కుటుంబానికి ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. ఊళ్లో చిన్న బడి ఉండవచ్చు, కానీ పై చదువుకి బరంపురం రావాలి. ఇక్కడి ప్రభుత్వ బడి 1856లో మొదలై, 1878లో కాలేజీ అయ్యి, 1893లో ఖల్లికోట రాజావారి విరాళం వల్ల ఖల్లికోట కాలేజీ అయింది. రాష్ట్రపతి అయిన వి.వి.గిరిగారు మన బరంపురంలోనే పుట్టి అక్కడే చదివారు, కానీ ఆయన తండ్రి పేరున్న ప్లీడరు, ఇంట్లో ఇబ్బంది లేదు. రైతు కొడుకు వచ్చి ఇక్కడ బస ఉండాలంటే తిండి, ఫీజు, పుస్తకాలు, దీపానికి నూనె, అన్నీ ఇంటి నుంచే రావాలి. లోకల్ బోర్డు ఇచ్చే ఒకటి రెండు వేతనాల కోసం తాలూకా మొత్తం మీద పిల్లలు పోటీపడాలి. కొన్ని వర్గాల పిల్లలకి, ముస్లిం పిల్లలకి, వెనకబడినవాళ్లని ప్రభుత్వం జాబితా వేసిన కులాల పిల్లలకి సగం ఫీజు ఉండేది, దాన్ని జనం అరఫీజు అనేవారు. ఆ వెసులుబాటు ఉందని తెలియక పూర్తి ఫీజు కట్టలేక చదువు మానేసిన పిల్లలు ఎంతమందో అన్నది మాత్రం ఏ గెజిట్‌లోనూ అచ్చు కాలేదు.

ప్రశ్న: నోటీసు అచ్చయినా ఊళ్లో చదవడం వచ్చినవాళ్లెంతమంది? ప్రభుత్వం ఏదైనా ఇస్తోందన్న సంగతి మామూలు జనానికి ఎలా తెలిసేది?
(ఒక ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి)

జవాబు: మాస్టారూ, 1901 జనాభా లెక్కల నాటికి మద్రాసు రాజధానిలో నూటికి పదిమందికి కూడా చదువు లేదు. అందుకని కాయితం ఒక దారిన పోతే మాట ఇంకో దారిన పోయేది. తాలూకా కచేరీ గోడకి ఒక ప్రతి అంటించేవారు, ఊరికి వచ్చేసరికి దాన్ని కరణంగారు చదివేవారు, మునసబు దండోరా వేయించేవాడు. శిస్తు వాయిదా గురించైతే దండోరా గట్టిగానే మోగేది, ఎందుకంటే అది సర్కారుకి రావలసిన డబ్బు. వేతనం గురించో, టీకాల గురించో అయితే అదే ఉత్సాహం ఉండేదా అన్నది ఊరి కరణం మీద ఆధారపడేది. నా అభిప్రాయం అడిగితే, అసలు చిక్కు ఇక్కడే ఉంది: సర్కారు జనానికి ఇవ్వాల్సిన దాని కబురు, జనం దగ్గర తీసుకోవాల్సిన దాని కబురు, రెండూ ఒకే మనిషి నోటి నుంచే రావాలి.

పైగా ఆ భాష. "ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా" అని మొదలుపెట్టి ఒక్క వాక్యాన్ని అరపేజీ నడిపేవారు, చివరికి క్రియాపదం వచ్చేదాకా ఇస్తారో ఇవ్వరో తెలియదు. మీ ఊరి మనిషి గిడుగు రామమూర్తి పంతులుగారు జనం మాట్లాడే తెలుగు రాతలోకి రావాలని పట్టుబట్టి పోరాడింది బడుల్లో పుస్తకాల గురించే గానీ, ఆ మాట ఈ నోటీసులకి కూడా అంతే వర్తిస్తుంది. మీరు పిల్లలకి ఇలాంటి పాత ప్రకటన ఒకటి ఇచ్చి, దాన్నే ఇంట్లో నానమ్మకి చెప్పినట్టు రాయమనండి. వాళ్లకి తెలుగూ వస్తుంది, అప్పటి పాలన ఎలా నడిచిందో కూడా తెలుస్తుంది.

ప్రశ్న: గెజిట్ తెలుగులో, ఒరియాలో వచ్చేది సరే, మరి మా సవర పల్లెల సంగతేంటి? వాళ్ల భాషలో ఏదైనా వచ్చిందా?
(ఒక పాఠకుడు, గుణుపురం)

జవాబు: అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది, అడిగినందుకు సంతోషం. సవర భాషకి అప్పటికి రాత లేదు, కాబట్టి గెజిట్‌లో దానికి చోటు రాలేదు. కొండ మీది సవరకి సర్కారు మాట చేరాలంటే మధ్యలో తెలుగో ఒరియానో వచ్చిన మనిషి ఒకడుండాలి, ఆ మనిషి ఏం చెబితే అదే సర్కారు మాట. ఆ దూరం తగ్గించడానికి పూనుకున్నది మళ్లీ గిడుగువారే. పర్లాకిమిడిలో 1880లో బడిపంతులుగా చేరిన మనిషి, సవరలతో మాట్లాడి మాట్లాడి ఆ భాష నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం తన డబ్బుతో బడులు నడిపారు, వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకి పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి ఒక మంచి బడి పెట్టండి అన్నారు. తర్వాత 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వచ్చాయి. మీ ఊళ్లో సవర పెద్దలెవరైనా వాళ్ల తాతల కాలం బడి గురించి చెబితే, వాళ్ల మాటల్లోనే రాసి పంపండి, తప్పకుండా వేస్తాం.

ప్రశ్న: పోస్టాఫీసు సేవలు కూడా అప్పుడే మొదలయ్యాయా? మా ముత్తాతగారి పేరున పాత సేవింగ్సు పుస్తకం ఉందని చెప్పుకుంటారు.
(ఒక పాఠకురాలు, రాయగడ)

జవాబు: అవును. పోస్టుకార్డు 1879లో వచ్చింది, పావు అణా. మనియార్డరు 1880లో, పోస్టాఫీసు సేవింగ్సు బ్యాంకు 1882లో. మనవాళ్లకి వీటిలో బాగా పనికొచ్చింది మనియార్డరే అనుకుంటాను, రంగూన్ వెళ్లినవాళ్లు ఇళ్లకి డబ్బు పంపుకోవడానికి. పుస్తకం నిజంగా ఉంటే ముందు అందులోని ఆఖరి పద్దు తేదీ చూసి మాకు రాయండి. పాత రసీదుల మీద ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) అని ఉండి అయోమయంగా ఉంటే, దానికి 590 కలపండి. మద్రాసు లెక్కలో ఫసలీ జులై 1న మొదలవుతుంది కాబట్టి ఫసలీ 1310 అంటే 1900 జులై నుంచి 1901 జూన్ దాకా.

ప్రశ్న: బ్రిటిష్ వాళ్ల కాలంలో బరంపురంలో తెలుగులో ప్రభుత్వ నోటీసు వచ్చేది. ఇప్పుడు మా చెల్లి స్కాలర్‌షిప్ ఫారం కోసం తిరిగితే తెలుగులో ఒక్క కాయితం కనబడలేదు. అప్పుడే నయం కదా?
(ఒక విద్యార్థి, బరంపురం)

జవాబు: బాబూ, నీ బాధ నాకు తెలుసు. కొన్నేళ్ల కిందట మా నాన్నగారి పాత తెలుగు దస్తావేజు ఒకటి పట్టుకుని నేను ఒక కార్యాలయానికి వెళితే, కౌంటరులో ఉన్నాయన దాన్ని తిరగేసి కూడా చూడకుండా "ఒరియాలో తెండి" అని వెనక్కి తోశాడు. అనువాదం చేయించి, సంతకాలు పెట్టించి మళ్లీ వెళ్లేసరికి మూడు వారాలు పోయాయి. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అయినా అప్పుడే నయం అని మాత్రం అనను. ఆ కాలంలో ఇదే కౌంటరు ముందు ఇదే బాధతో నిలబడింది మన ఒరియా పొరుగువాళ్లు. గంజాంలో కచేరీ ఉద్యోగాలు, బడిపంతుళ్ల ఉద్యోగాలు ఎక్కువగా తెలుగువాళ్ల చేతిలో ఉండేవి, తమ భాషలో చదువు, తమ భాషలో కచేరీ పని కావాలని వాళ్లు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నారు. 1903 డిసెంబరులో కటకంలో ఉత్కళ సమ్మేళనం మొదటి సభ జరిగింది, ఆ కోరికే పెరిగి పెరిగి 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమైంది. పర్లాకిమిడి ఒరిస్సాలోకి వెళ్లడం నచ్చక గిడుగువారు ఆ ఊరే వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. రెండు వైపులా గాయం ఉంది, ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు. నీ ఉత్తరానికి ఆధారంగా అప్పటి దొరల దయ చూపించకు, ఇప్పటి హక్కు చూపించు: రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. తెలుగులో రాసి, ఇచ్చినట్టు రసీదు తీసుకో. చెల్లి ఫారం సంగతి మాత్రం ఆలస్యం చేయకు, ఒరియా బాగా వచ్చిన స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ముందు అది నింపించు, తేదీ దాటితే హక్కు ఉన్నా ఆ ఏడాది పోతుంది. అన్నట్టు చెల్లి అడుగుతున్నది షెడ్యూల్డ్ కులాల పోస్ట్ మెట్రిక్ వేతనమైతే, అది కూడా దొరల కాలపు పథకమే, 1944లో మొదలై నేటికీ నడుస్తోంది.

ప్రశ్న: (మొదటి పాఠకురాలే మళ్లీ ఫోన్‌లో అడిగారు) ఆ కాయితాన్ని లామినేషన్ చేయించమంటారా? మా మరిది షాపుకి తీసుకెళతానంటున్నాడు.

జవాబు: వద్దమ్మా, దయచేసి వద్దు. ఆ వేడికి పాత కాయితం ఇంకా పెళుసవుతుంది, ఒకసారి ప్లాస్టిక్ అంటుకుంటే తిరిగి రాదు. చిరిగిన చోట సెల్లో టేపు కూడా వేయొద్దు, కొన్నేళ్లకి అది పసుపు మరకై అక్షరాలని తినేస్తుంది. పగటి వెలుగులో, ఎండ నేరుగా పడకుండా, రెండు వైపులా ఫొటోలు తీయండి, ఒరియా వైపు కూడా, ఎందుకంటే తెలుగులో చిరిగిన తేదీ అటు పక్క మిగిలి ఉండొచ్చు. తర్వాత మడత పెట్టకుండా శుభ్రమైన తెల్ల కాయితాల మధ్య పెట్టి అట్ట ఫైల్లో దాచండి. దుమ్ము ఉంటే మెత్తటి బ్రష్‌తో మధ్య నుంచి అంచుకి తుడవండి గానీ, కుడి అంచు దగ్గర ఆపేయండి. అక్కడ పెన్సిలు రాత ఉంది.